నెహెమ్యా చూడని బండి

జగ్గయ్యపేటలో ముక్త్యాల రోడ్డు పక్కన, ఒక రేకుల షెడ్డులో ఇరవై ఆరేళ్ళుగా పాత మోటారు సైకిళ్ళు బాగుచేస్తున్నాడు నెహెమ్యా. కొత్త రకం బండి వస్తే, "ఇది నాకు చేతకాదండి, షోరూముకి తీసుకెళ్ళండి" అని మొహమాటం లేకుండా పంపేస్తాడు. కిక్కు కొట్టి స్టార్ట్ చేసే రోజుల నాటి బండైతే మాత్రం వదలడు. అటు కోదాడ నుంచి, ఇటు మైలవరం నుంచి కూడా అతన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు.

అతని తల్లిదండ్రులు గరికపాడు దగ్గర మిరప చేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. ఇంటర్ తప్పాక నెహెమ్యా కూడా రెండు సీజన్లు కాయ కోశాడు. ఆ ఘాటు అతనికి పడలేదు. ఊపిరందక గట్టు మీద కూర్చుండిపోయేవాడు. అది చూడలేక తల్లి అతన్ని నందిగామలో శాంతికుమార్ అనే మేస్త్రి దగ్గర పనికి చేర్చింది. అప్పటికతనికి పంతొమ్మిదేళ్ళు. అక్కడ ఆరేళ్ళున్నాడు.

శాంతికుమార్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే మాత్రం మర్చిపోయేలా ఉండేది కాదు. "స్టార్ట్ కాని బండికి నాలుగే జబ్బులు. పెట్రోలు అందకపోవడం, ప్లగ్గుకి కరెంటు రాకపోవడం, గాలి పాళ్ళు తప్పడం, ఇంజన్లో కంప్రెషన్ లేకపోవడం. నాలుగూ చూడు. చూడకుండా నోరు తెరవకు" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. "పొద్దున మొరాయించే బండిని పొద్దునే చూడాలి. వేడెక్కాక ప్రతి బండీ మంచిదే."

ఆ రెండు మాటల మీదే నెహెమ్యా తన షెడ్డు నిలబెట్టుకున్నాడు. భార్య కృపాజ్యోతి ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుంది. పిల్లలు చదువుకుంటున్నారు. ఆదివారం పూట చర్చిలో తెల్లచొక్కా వేసుకుని వరండాలో చెప్పులు సర్దిపెడతాడు. ఎవరూ చెప్పిన పని కాదు, అతనికదో అలవాటు.

ఆ చర్చికే వచ్చేవాడు ఫ్రాన్సిస్. హైస్కూల్లో అటెండరు. నెహెమ్యా కంటే ఆరేడేళ్ళు పెద్ద. నెహెమ్యా షెడ్డు పెట్టిన మొదటి వారంలో మొదటి బండి తెచ్చింది అతనే. కూతురు క్రిస్టీ పుట్టిన ఏడు కొన్న హండ్రెడ్ సీసీ బండి అది. అప్పటినుంచి ఆ బండి మీద ఇంకో మనిషి చెయ్యి పడలేదు. "నా బండి గుట్టు నా తమ్ముడికే తెలుసు" అని ఫ్రాన్సిస్ స్కూల్లో టీచర్లకి గొప్పగా చెప్పేవాడు. నెహెమ్యా అతన్ని అన్నయ్యా అని పిలిచేవాడు. క్రిస్టీ నెహెమ్యాని బాబాయ్ అనేది.

అయినవాళ్ళ పనికి ఒక చిక్కుంది. బయటివాళ్ళు తొందరపెడతారు, అయినవాళ్ళు ఆగుతారు. ఆగేవాళ్ళ బండి ఎప్పుడూ వరసలో చివరికే పోతుంది. ఫ్రాన్సిస్ బండి సంగతీ అంతే.

రెండేళ్ళ కిందట, వేసవిలో, ఆ బండి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఆరిపోతోందని ఫ్రాన్సిస్ తీసుకొచ్చాడు. నెహెమ్యా పెట్రోలునీ గాలినీ కలిపే కార్బరేటర్ విప్పాడు. అందులో చిన్న ఇత్తడి జెట్టు ఉంటుంది. దాని మధ్య వెంట్రుకంత సన్నటి రంధ్రం. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు ఆ రంధ్రం గుండానే రావాలి. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన ఆ జెట్టుని తిప్పబోతే దాని తల కాస్తా చితికిపోయింది. ఎలాగో పీకి బయటికి తీశాడు గానీ అది మళ్ళీ పనికిరాదు.

ఫ్రాన్సిస్ ఆ మధ్యాహ్నమే జి.కొండూరులో చుట్టాల పెళ్ళికి వెళ్ళాలి. నెహెమ్యా పాత సామాన్లలో వెతికి, మరలు సరిపోయే ఇంకో జెట్టు తీసి బిగించాడు. అది చిన్న బండిది. రంధ్రం ఒక నంబరు తక్కువ. "ఇవాళ్టికి దీంతో నడిపెయ్ అన్నయ్యా. వచ్చే వారం నందిగామ నుంచి అసలుది తెచ్చి వేస్తా" అన్నాడు. బండి స్టార్టయింది. ఎండాకాలం కాబట్టి అంతా బాగానే ఉంది. వచ్చే వారం వచ్చింది, పోయింది. ఫ్రాన్సిస్ అడగలేదు. నెహెమ్యాకి గుర్తు లేదు.

ఆ ఏడు నవంబరు నుంచి ఇబ్బంది మొదలైంది. పొద్దున పూట బండి పాతిక ముప్ఫై కిక్కులకి గానీ అందుకోవడం లేదు. ఒకసారి అందుకున్నాక సాయంత్రం దాకా ఏ గొడవా లేదు. ఫ్రాన్సిస్ దారిలో ఆగి చెప్పినప్పుడల్లా నెహెమ్యా చేతిలో పని ఆపకుండానే, "చోక్ పూర్తిగా వేసి కొట్టు అన్నయ్యా" అనో, "బండికి వయసైపోయింది, నీలాగే" అనో నవ్వేసేవాడు. ఫ్రాన్సిస్ కూడా నవ్వి వెళ్ళిపోయేవాడు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఫ్రాన్సిస్ పనిగట్టుకుని వచ్చాడు.

"తమ్ముడూ, ఇంకో పది రోజుల్లో క్రిస్టీకి రైల్వే ఉద్యోగం పరీక్ష ఉంది. నందిగామ అవతల హైవే పక్కన కాలేజీలో పడింది. పొద్దున్నే తీసుకెళ్ళాలి. ఒకసారి సరిగ్గా చూడు" అన్నాడు.

ఆ రోజు షెడ్డు ముందు ఏడు బండ్లున్నాయి. నెహెమ్యా లేచి వచ్చి, ప్లగ్గు విప్పి, ఇంజనుకి ఆనించి కిక్కు కొట్టాడు. ప్లగ్గు కొసన నిప్పురవ్వ నీలంగా మెరిసింది. ప్లగ్గు తుడిచి బిగించి మళ్ళీ కొట్టాడు. ఒక్క కిక్కుకే స్టార్టయింది. అవదా మరి. ఫ్రాన్సిస్ స్కూలు నుంచి దాని మీదే కదా వచ్చింది.

'బండి రేపటిదాకా ఇక్కడ వదిలేసి వెళ్ళు, పొద్దున చల్లటి ఇంజను మీద చూస్తా' అని చెప్పాలని నెహెమ్యాకి తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. వదిలేస్తే పొద్దున్నే ఆరింటికి రావాలి, దాన్ని విప్పుకుంటూ కూర్చోవాలి, ఈ ఏడు బండ్లూ అలాగే ఉంటాయి.

"ఏం లేదు అన్నయ్యా. బాగానే ఉంది. పోయిరా" అన్నాడు.

క్రిస్టీ డిగ్రీ చేసింది. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతూ మూడేళ్ళుగా ఈ పరీక్షకి చదువుతోంది. నోటిఫికేషన్ పడక పడక పడింది. మళ్ళీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు.

పరీక్ష అయ్యాక వచ్చిన ఆదివారం ఆమె చర్చికి రాలేదు. ఆరాధన అయ్యాక వరండాలో నెహెమ్యా, "పరీక్ష ఎలా రాసిందన్నయ్యా?" అని అడిగాడు.

"రాయలేదు" అన్నాడు ఫ్రాన్సిస్. చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతూ ఆగి, గోడ వైపు చూస్తూ చెప్పాడు. "ఆరున్నరకి బయల్దేరదామనుకున్నాం. మంచు బాగా ఉంది. కొట్టా, కొట్టా. ఇదిగో వస్తుంది, ఇదిగో వస్తుంది అన్నట్టుంది శబ్దం. మీ వదిన పున్నమ్మ ఆటో పిలుద్దామంది. ఇంకో నాలుగు కిక్కులు చూద్దామన్నా. అలా నలభై నిమిషాలు పోయింది. చివరికి స్టార్టయింది. అయింది కదాని ఎక్కాం. చిల్లకల్లు దాటాక మంచులో ముందున్న లారీ కూడా కనబడలా. ఎనిమిదింటికి గేటు వేస్తారు. మేం వెళ్ళేసరికి ఎనిమిదీ ఐదు."

నెహెమ్యా చేతిలోని చెప్పుల జత కింద పెట్టేశాడు.

"బతిమాలా. వాచ్‌మన్ కూడా నాలాంటోడే. రూలండి, నా చేతుల్లో లేదన్నాడు. క్రిస్టీ ఒక్క మాట అనలేదు తమ్ముడూ. హాల్ టికెట్టు మడిచి బ్యాగులో పెట్టుకుని, పద నాన్నా అంది. అదేమన్నా అంటే బాగుండేది. తప్పు నాదే. ముందురోజే నందిగామలో చుట్టాలింట్లో దింపాల్సింది. లేదా ఆటో పిలవాల్సింది. బండి మీద నాకు అంత నమ్మకమేంటో." చెప్పులేసుకున్నాడు. "దాన్ని తీసుకుపోయి పాత సామాన్లకి ఇచ్చెయ్. నేను ఎక్కను."

మర్నాడు నెహెమ్యా వెళ్ళి బండిని తోసుకుంటూ షెడ్డుకి తెచ్చాడు. స్టార్ట్ చెయ్యకుండా అలాగే ఉంచాడు. మంగళవారం పొద్దున ఆరింటికి వచ్చి, షట్టరు తీసి, రెండు వారాల కిందట చెయ్యాల్సిన పని మొదలుపెట్టాడు.

పెట్రోలు పైపు పీకి చూశాడు. ధారగా వస్తోంది. ప్లగ్గుకి కరెంటు బాగుంది. కిక్కు మీద చేత్తో నొక్కి చూశాడు. గట్టిగా ఎదురు తన్నింది. కంప్రెషన్ కుర్ర బండికున్నట్టు ఉంది. వయసైపోయిందని తను అన్న మాట అబద్ధమని అక్కడే తేలిపోయింది. పదిహేను కిక్కులు కొట్టి ప్లగ్గు విప్పాడు. తడి లేదు, పొడిగా ఉంది. అంటే లోపలికి చాలినంత పెట్రోలు పోవడం లేదు. కార్బరేటర్ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి, గాలి తగ్గించి కిక్కు కొట్టాడు. రెండో కిక్కుకి దగ్గి, అందుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. కార్బరేటర్ విప్పక ముందే గుర్తొచ్చింది. అయినా విప్పాడు. తను వేసిన జెట్టు, తన స్క్రూడ్రైవర్ గీతతో సహా, అక్కడే ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. బియ్యపు గింజకంటే కాస్త పెద్దది. రోడ్డు మీద స్కూలు పిల్లల ఆటోలు వెళ్తున్నాయి.

అతనికి ఆ జెట్టు వేసినందుకంత బాధ కలగలేదు. అవసరానికి ఎవరైనా అలాగే వేస్తారు. మర్చిపోవడం కూడా మనిషన్నాక ఉంటుంది. కానీ ఫ్రాన్సిస్ పనిగట్టుకుని వచ్చి సరిగ్గా చూడమని అడిగిన రోజు తను చూడలేదు. చూడకుండా బాగుందని చెప్పాడు. దానికి ఎటు తిప్పి చూసినా సాకు దొరకలేదు.

బస్సెక్కి నందిగామ వెళ్ళాడు. వరప్రసాదరావు స్పేర్ పార్టుల షాపులో ఆ నంబరు జెట్టు అడిగాడు. వరప్రసాదరావు సొరుగు లాగి వెంటనే తీసిచ్చాడు.

"ఇవి ఎప్పుడూ ఉంటాయాండీ మీ దగ్గర?" అని అడిగాడు నెహెమ్యా.

"ఎప్పుడూ ఉంటాయి. అడిగేవాళ్ళే లేరు" అన్నాడు వరప్రసాదరావు.

తిరుగు బస్సు ఎక్కకుండా నెహెమ్యా ఒక ఆటో ఎక్కి ఆ కాలేజీ దాకా వెళ్ళాడు. గేటు తెరిచే ఉంది. విద్యార్థులు లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఎందుకొచ్చాడో నెహెమ్యాకే తెలియలేదు. కాసేపు రోడ్డుకి ఇవతల నిలబడి వెనక్కి వచ్చేశాడు.

కొత్త జెట్టు వేశాక మర్నాడు పొద్దున బండి రెండో కిక్కుకి స్టార్టయింది. ఆ మర్నాడు కూడా అంతే. మూడో రోజు బండి తీసుకుని ఫ్రాన్సిస్ ఇంటికి వెళ్ళాడు. జరిగింది చెప్పాలనే వెళ్ళాడు. ఫ్రాన్సిస్ గడపలో కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది.

"పాత సామాన్లకి ఇవ్వబుద్ధి కాలేదన్నయ్యా. బాగుచేసా" అన్నాడు నెహెమ్యా.

"ఏంటంట దానికి?"

నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది. "ప్లగ్గన్నయ్యా. ప్లగ్గు పోయింది."

"ఆ రోజు నువ్వు ప్లగ్గు చూశావుగా."

"అప్పుడు బాగానే ఉంది. తర్వాత పోయుంటుంది."

ఫ్రాన్సిస్ బండి వైపు చూశాడు. "అంటే ముందురోజు పొద్దున నేను ఒకసారి కొట్టి చూసుకున్నా తెలిసేది. ప్లగ్గు మార్చుకునేవాణ్ణి. అది కూడా చెయ్యలేదు నేను" అన్నాడు. లోపల గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. అక్కడున్నది క్రిస్టీయో, పున్నమ్మో నెహెమ్యాకి కనబడలేదు.

అతను నడిచి ఇంటికి వచ్చాడు. తప్పు తనమీద పడకుండా ఒక అబద్ధం ఆడితే, అది నేరుగా వెళ్ళి ఫ్రాన్సిస్ నెత్తిన పడింది. అప్పటిదాకా ఉన్నదానికి ఇంకొంచెం బరువు తనే చేర్చి వచ్చాడు.

ఆ తర్వాత నెల రోజులు అలాగే గడిచాయి. క్రిస్మస్ వచ్చి వెళ్ళింది. ఫ్రాన్సిస్ స్కూలుకి నడిచే వెళ్తున్నాడని, బండి ఇంటి పక్కన గోనెపట్టా కప్పుకుని ఉందని తెలిసింది. నెహెమ్యా ప్రతి ఆదివారం ప్రార్థనలో మోకాళ్ళ మీద ఎక్కువసేపు ఉండేవాడు. కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేవాడు. చివరికి కృపాజ్యోతి మిషను ఆపి అడిగితే మొత్తం చెప్పాడు.

ఆమె అంతా విని, "ప్రార్థన చేస్తున్నావా దీని గురించి?" అంది.

"రోజూ చేస్తన్నా."

"దేవుడి పరీక్షేం పోలేదుగా. పోయింది క్రిస్టీది. దేవుడికి చెప్పి ఫ్రాన్సిస్ అన్నయ్యకి చెప్పకపోతే ఎట్టా?" అంది. మళ్ళీ మిషను తొక్కుకుంది.

మర్నాడు సాయంత్రం స్కూలు వదిలే వేళకి నెహెమ్యా ఆ ఇంటికి వెళ్ళాడు. ఫ్రాన్సిస్ కాళ్ళు కడుక్కుంటున్నాడు. క్రిస్టీ వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది. నెహెమ్యాని చూసి కుర్చీ జరిపింది. అతను కూర్చోలేదు.

"అన్నయ్యా, ప్లగ్గు కాదు. నీకు అబద్ధం చెప్పా" అన్నాడు. జేబులోంచి పాత జెట్టు తీసి వరండా గోడ మీద పెట్టాడు. వేసవిలో పెళ్ళికి వెళ్ళే రోజు దాన్ని ఎందుకు వేశాడో, ఎలా మర్చిపోయాడో, పొద్దున పూట అది ఏం చేస్తుందో చెప్పాడు. వాళ్ళకి అర్థమయ్యేలా, ఏదీ దాచకుండా చెప్పాడు.

ఫ్రాన్సిస్ తువ్వాలుతో కాళ్ళు తుడుచుకోవడం ఆపాడు.

"పది రోజుల ముందు తెచ్చాగా నీ దగ్గరికి."

"తెచ్చావన్నయ్యా."

"పిల్ల పరీక్ష అని చెప్పాగా."

"చెప్పావు."

"చూశావా?"

"చూళ్ళేదు. చూసినట్టు చేసా."

ఫ్రాన్సిస్ తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. నెహెమ్యా అక్కడే నిలబడ్డాడు. వెళ్ళిపోవడం కూడా తప్పేమో అనిపించింది.

క్రిస్టీ ఎర్ర పెన్ను మూత పెట్టింది. "జెట్టు సంగతి నాకు తెలియదు బాబాయ్. మర్చిపోయావు, సరే" అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఆ రోజు బాగుచేసి తెచ్చినప్పుడు నేను వంటింట్లోనే ఉన్నా. ప్లగ్గన్నావు. నాన్న ఆ మాటే పట్టుకున్నాడు. ఈ నెల రోజులు నా మొహం సరిగ్గా చూళ్ళేదు. నేను రాసున్నా ఉద్యోగం వచ్చేదో లేదో. అది పక్కనపెట్టు. ఆ రోజే చెప్పుంటే మా నాన్నకి ఈ నెల ఉండేది కాదు కదా."

"ఉండేది కాదమ్మా" అన్నాడు నెహెమ్యా.

ఆమె తర్వాతి పేపరు తీసుకుంది. అతను వెళ్ళొస్తానని చెప్పి బయటికి నడిచాడు.

రెండు రోజుల తర్వాత ఫ్రాన్సిస్ బండి మీద స్కూలుకి వెళ్తూ కనిపించాడు. క్రిస్టీ వెనక కూర్చుంది. తన స్కూలు దగ్గర దిగుతుంది కాబోలు, తండ్రి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతోంది. షెడ్డు ముందు నుంచే వెళ్ళారు. ఫ్రాన్సిస్ తల తిప్పలేదు. ఆ తర్వాతి వేసవిలో గొలుసు మార్చడానికి అతను బండిని బస్టాండు దగ్గర ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడని ఎవరో చెప్పారు. నెహెమ్యాకి అది గుచ్చుకుంది. కానీ ఆ మెకానిక్ గొలుసు సరిగ్గానే బిగించాడా అని మాత్రం అడిగి తెలుసుకున్నాడు.

అతని షెడ్డులో పని కొంచెం మారింది. పొద్దున స్టార్ట్ కావడం లేదని ఎవరు వచ్చినా, బండి వదిలి వెళ్తేనే చూస్తానంటాడు. "ఇప్పుడు ఒక్క కిక్కుకే వచ్చిందిగా అన్నా, చూసి ఇయ్యరాదు" అని కోదాడ వాళ్ళు విసుక్కుంటారు. కొందరు వేరే చోటికి పోతారు. పోనిస్తాడు. అవసరానికి ఏదైనా తాత్కాలికంగా వేస్తే, సుద్దముక్కతో షెడ్డు గోడ మీద పేరు రాసుకుంటాడు. ఆ పేరు చెరిపేదాకా అతనికి స్థిమితం ఉండదు.

క్రిస్టీ ఆ తర్వాతి ఏడు ఇంకో పరీక్ష రాసింది గానీ ఉద్యోగం రాలేదు. నందిగామలో ఒక ఆఫీసులో కంప్యూటర్ పనికి చేరింది. రోజూ బస్సులో వెళ్ళొస్తోంది, ఇంకా చదువుతూనే ఉంది. ఎదురైతే బాబాయ్ అనే పిలుస్తుంది, ఎక్కువసేపు నిలబడదు.

ఆ ఏడు జూన్ నెలలో, మొదటి వాన పడిన రోజు, ఫ్రాన్సిస్ షెడ్డు ముందు బండి ఆపాడు. స్టాండు వేసి, దిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"వెనక బ్రేకు పట్టడం లేదు" అన్నాడు.

"చూస్తానన్నయ్యా. రేపు ఇస్తా. ఇవాళ వదిలెళ్ళు."

"వదిలెళ్తా." ఫ్రాన్సిస్ తాళంచెవి సీటు మీద పెట్టాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "నేను ఇక్కడే ఉండి చూడనా, లేకపోతే నువ్వే సరిగ్గా చూస్తావా?" అని అడిగాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగాడు.

"ఉండన్నయ్యా" అని నెహెమ్యా స్టూలు తుడిచి ఇటు జరిపి, వెనక చక్రం విప్పడానికి పానా అందుకున్నాడు.